ఐదో విస్తరాకు

ఫిబ్రవరి 8, ఆదివారం

ఎరువుల కంపెనీ వాళ్ళు ఆఫీసుకు ఇచ్చిన డైరీ ఇది. మేనేజరు వద్దన్నాడు కాబట్టి నాకు దక్కింది. ఎవరికీ చూపించేది కాదు గనక ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను.

ఉన్నది ఏమిటంటే, ప్రొద్దుటూరు పత్తి మార్కెట్ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్న ఈ వేదవ్యాస ఈ రోజు పొద్దున హైస్కూలు మైదానంలో ముగ్గురు దద్దమ్మలకు సెక్షన్ లీడర్ అయ్యాడు. హోంగార్డులం. పోలీసులు చాలనప్పుడు ప్రభుత్వం పిలుచుకునే సైన్యం మనమే అని ఇన్‌స్పెక్టరు ఉపన్యాసం ఇచ్చాడు. మమ్మల్ని చూస్తూ ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు కనిపించింది.

నా సైన్యం ఇది. పాలయ్య, చర్చిలో గంట కొడతాడు. ముప్పై ఏళ్ళు గంట కింద నిలబడి ఒక చెవి పోయింది. అందరూ తిరిగాక ఎటు తిరిగారో చూసి తను తిరుగుతాడు. యూనుస్, పెళ్ళి బ్యాండులో క్లారినెట్ ఊదుతాడు. వాడికి కవాతు అన్నా ఊరేగింపు అన్నా ఒకటే. నాలుగడుగులు వేసి, ఆగి, నడుము ఊపి, మళ్ళీ కదులుతాడు. అమీర్ బాషా, టైలరు. కళ్ళద్దాలు తీస్తే మనిషీ స్తంభమూ ఒకటే, పెట్టుకుని పరిగెత్తితే ఊడిపోతాయి. మా యూనిఫారాలు కుట్టిన మహానుభావుడు కూడా అతనే.

ఆయుధాలు: తలకొక లాఠీ, తలకొక ఈల.

నేను దేశసేవ కోసం చేరాను. సర్టిఫికెట్ వస్తే హెడ్ గుమాస్తా ప్రమోషన్‌కు పనికొస్తుందని మేనేజరు అన్న మాట నిజమే, కానీ నేను చేరింది దానికోసం కాదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

కవాతు తరవాత వరండాలో అన్నాలు పెట్టారు. మనుషులు తింటారని తెలుసు గానీ ఇలా తింటారని తెలియదు. యూనుస్ అందరికంటే ముందు మొదలుపెట్టి, అందరికంటే ముందు లేచి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటూ పాలయ్య విస్తరి దాటుకుని పోయాడు. పాలయ్య ఇంకా ప్రార్థనలోనే ఉన్నాడు.

నేను బయట తినను. ఇది గర్వం కాదు, ఇంటి అలవాటు. మా ఆవిడ రాధమ్మ కట్టిన క్యారియర్ తీసుకుని కొంచెం ఎడంగా కూర్చున్నాను. అక్కడి నుంచే వాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాను. పంక్తి అంటే ఏమిటో, అందరికీ వడ్డించాక మొదలుపెట్టడం ఏమిటో, చివరి మనిషి తిని లేచేదాకా మొదటి మనిషి ఎందుకు లేవకూడదో. మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసని చెప్పాను.

పాలయ్య మంచి చెవి నా వైపు పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"కడాపటి మనిషి లేసేదాకా కూర్చోవల్ల. అట్లనే సార్" అన్నాడు.

గోడకు చెప్పినట్టే.

ఫిబ్రవరి 17

అమీర్ బాషా కుట్టిన ప్యాంటు చిరిగింది. ఎక్కడో రాయను.

ఫిబ్రవరి 22, ఆదివారం

మండల ఎన్నికల డ్యూటీలు వేశారు. పులివెందుల టౌను పడినవాళ్ళు అదృష్టవంతులు. అక్కడ ఆఫీసర్లు ఎక్కువ, కాబట్టి పని తక్కువ. మాకు జమ్మలమడుగు అవతల పీరుబావిపల్లె పడింది.

పోయిన ఎన్నికల్లో ఆ ఊరి పెద్దాయన వీరనాగిరెడ్డికి ఎదురుగా అవతలి పార్టీ ఏజెంటుగా ఆనందయ్య అనేవాడు పోలింగ్ బూత్‌లో కూర్చున్నాడు. సాయంత్రానికి బాంబు వేసి చంపారు. ఈసారి అదే కుర్చీలో అతని భార్య కమలమ్మ కూర్చుంటుందట. ఆమెను పొద్దున ఇంటి నుంచి బడికి తేవడం, పోలింగ్ అయ్యాక జీపులో జమ్మలమడుగులో ఆమె అక్క ఇంటికి క్షేమంగా చేర్చడం మా బాధ్యత.

"ఆ యమ్మకు ఒక దెబ్బ తగిలినా నలుగురూ నాకు జవాబు చెప్పాల" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన మాత్రం పులివెందుల పోతున్నాడు.

గంట కొట్టేవాడు, క్లారినెట్ ఊదేవాడు, గుడ్డి టైలరు. వీళ్ళను పంపి ఒక మనిషి ప్రాణం కాపాడమనడం, ప్రభుత్వానికి ఆ మనిషి మీద ఎంత ప్రేమ ఉందో చెబుతోంది.

ఫిబ్రవరి 24

నడుము నొప్పిగా ఉంది. నిన్నటి నుంచే. పులివెందులలో గుడి పూజారి, మా బావ మల్లికార్జునయ్యకు ఉత్తరం రాశాను, గుడికి వచ్చే తాసిల్దారుతో ఒక మాట చెప్పి డ్యూటీ మార్పించమని. భయం వల్ల కాదు. నడుము నొప్పితో వెళ్తే ఆ కమలమ్మకే నష్టం.

ఫిబ్రవరి 27

డాక్టరు నా నడుము నొక్కి చూసి, "ఈ వారం నీ మాదిరి నడుములు పదకొండు వచ్చినాయప్పా" అన్నాడు. సర్టిఫికెట్ ఇవ్వలేదు. మర్యాద తెలియని మనిషి.

బావ జవాబు రాయలేదు.

మార్చి 4, బుధవారం. పీరుబావిపల్లె

బడి గదిలో కూర్చుని రాస్తున్నాను. పెట్టెలతో, పోలింగ్ సిబ్బందితో లారీలో వచ్చాం. దారిపొడుగునా యూనుస్ నోటితోనే క్లారినెట్ వాయించాడు. తుపాకీ ఉన్న కానిస్టేబుల్ ఒక్కడే ఉన్నాడు. అతను పెట్టెలతో వస్తాడు, పెట్టెలతో పోతాడు. మనుషులు అతని లెక్కలోకి రారు.

సాయంత్రం కమలమ్మ ఇంటికి వెళ్ళాం. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఏడో తరగతి చదివింది. ఓటర్ల జాబితా ముందేసుకుని చచ్చిపోయినవాళ్ళ పేర్ల కింద పెన్సిలు గీతలు పెడుతోంది. ఇరవై రెండు ఉన్నాయట. ఆమె అత్త సారమ్మ మూలన కూర్చుని చేటలో గింజలు చెరుగుతోంది.

నిన్ను ఎవరు కూర్చోమన్నారమ్మా అని అడిగాను. కాస్త విసుగ్గానే అడిగాను.

"ఎవురూ కూర్చోమన్లేదు సార్. ఎవురూ కూర్చోరని నేను కూర్చుంటాండా" అంది.

మొండి మనిషి. ఇలాంటివాళ్ళ వల్లే మా బోటివాళ్ళకు సెలవులు పోతాయి.

అమీర్ బాషా అడిగాడు, ఆ రోజు ఎట్లా జరిగిందమ్మా అని. టైలర్లకు కొలతలు తీసే అలవాటు, ఎక్కడ తాకకూడదో తెలియదు. ఆమె మామూలుగానే చెప్పింది.

"బడి అరుగు మీదనే సంగటి తింటాండె. వాళ్ళు వచ్చి నిలబడినారు. మా ఊళ్ళో తినే మనిషి మీద చెయ్యెత్తరు సార్, పెద్దాయన తండ్రి కాలం నుంచి ఉండే కట్టుబాటు అది. ఆయన తిన్యాడు. లేసి చెయ్యి కడుక్కున్యాడు. అంతవరకూ ఆగినారు."

ఎంత గొప్ప సంస్కృతి. బాంబు చేత్తో పట్టుకుని, ఎదుటివాడు చెయ్యి కడుక్కునేదాకా ఆగడం. ఈ ఊరి నాగరికతకు నమస్కారం పెట్టాలి.

సారమ్మ రేపు మాకు కూడా వండి తెస్తానంది. నాకు వద్దని చెప్పాను. నా దగ్గర రాధమ్మ ఇచ్చిన అటుకులు ఉన్నాయి.

మార్చి 5, గురువారం

ఎన్నికలు ప్రశాంతంగా జరిగాయి.

మార్చి 6, శుక్రవారం. ప్రొద్దుటూరు

ఇన్‌స్పెక్టరుకు ఇచ్చిన రిపోర్టు నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను.

"పోలింగ్ మధ్యాహ్నం మూడు గంటలకు ముగిసినది. పెట్టెలు, సిబ్బంది, కానిస్టేబుల్ లారీలో వెళ్ళిరి. మా జీపు రాక ఆలస్యమైనది. అంతట ఎనిమిది మంది గుర్తుతెలియని వ్యక్తులు సంచులతో బడి ఆవరణలోకి వచ్చిరి. సెక్షన్ లీడర్ సమయస్ఫూర్తితో వ్యవహరించి, ఎట్టి అవాంఛనీయ సంఘటన జరగకుండా సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు ఏజెంటు శ్రీమతి కమలమ్మను జీపు ఎక్కించినారు. హోంగార్డు పాలయ్య వినికిడి లోపం వలనను, క్రమశిక్షణ లేమి వలనను విధులకు పనికిరాడు. తొలగించవలసినదిగా మనవి."

చేతిరాత బాగుందని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు.

మార్చి 7, శనివారం

పాలయ్య గురించి రాసింది న్యాయమే. కావాలని రాయలేదు. బడి గదిలో ఎన్నికల సామాను మిగిలింది. లక్క, సిరా సీసా, ఓటు వేసేటప్పుడు అడ్డం పెట్టే అట్టలు రెండు. అది ప్రభుత్వ ఆస్తి. ఎవరో ఒకరు కాపలా ఉండాలి. నేను ఉన్నాను. తలుపు గడియ పెట్టుకోకుండా కాపలా ఎలా ఉంటారు?

కిటికీ సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆ ఎనిమిది మంది నాయకుడు, వీరనాగిరెడ్డి మనిషి ఓబులేసు, ఏదో అడిగాడు. పాలయ్య వేలు పెట్టి నా తలుపు చూపించాడు. తన ప్రాణం దక్కించుకోవడానికి నన్ను చూపించాడు. నేను చూశాను.

ద్రోహి.

మార్చి 9, సోమవారం

రాధమ్మ అడిగింది, ఆ అటుకులు మూట విప్పకుండానే ఎందుకు తెచ్చారని. ఆకలి లేదని చెప్పాను.

సరే, ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా అంతా బాగానే ఉంది. రెండు గంటలప్పుడు ఒకడు వచ్చి ఆనందయ్య పేరుతో ఓటు వేస్తానన్నాడు. కమలమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఆనందయ్య నా మొగుడు. ఆయప్ప మీద మట్టి ఏసింది నేనే. నువ్వు ఏ ఆనందయ్యవో చెప్పు" అంది.

వాడు తల వంచుకుని పోయాడు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఓబులేసు ఆమె వైపు చూసి, బీడీ పారేసి, బయటికి నడిచాడు. అప్పుడే నేను గుమ్మానికి దూరంగా, గోడ వారకు జరిగాను. ఎండ వల్ల.

లారీ వెళ్ళిపోయాక సారమ్మ గంపలో సంగటి, పప్పు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తెచ్చింది. అరుగు మీద విస్తరాకులు వేసింది. సరిగ్గా అప్పుడే వాళ్ళు వచ్చారు. ఎనిమిది మంది, ఎనిమిది సంచులు. నేను లోపలికి, అంటే సామాను దగ్గరికి, వెళ్ళాను.

మిగిలినవాళ్ళు పరిగెత్తుతారనుకున్నాను. పరిగెత్తలేదు. యూనుస్ ఆమె చెయ్యి పట్టుకుని పంక్తి మధ్యలో కూర్చోబెట్టాడు. ముగ్గురూ ఆమెకు అటూ ఇటూ కూర్చున్నారు. అంత ప్రమాదంలో కూడా తిండేనా అని నాకు అసహ్యం వేసింది.

ఓబులేసు నవ్వాడు. "తినండప్పా, తొందరేం ల్యా. చేతులు కడుక్కున్యాక మాట్లాడుదాం" అన్నాడు. గట్టిగా అన్నాడు కాబట్టి వినిపించింది.

పాలయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టరు కోసం ప్రార్థించాడు, జీపు కోసం ప్రార్థించాడు, ఆ ఎనిమిది మంది భార్యాపిల్లల కోసం కూడా ప్రార్థించాడు. పావుగంటకు పైగా పట్టింది. తరవాత తిండి. సారమ్మ నిమ్మకాయంత ముద్దలు వడ్డిస్తుంటే వాటిని గోలీలంత చేసుకుని తిన్నారు. పదిహేను నిమిషాల్లో కుండ ఖాళీ చేసే యూనుస్ ఒక్కో ముద్దకు ఒక్కో పెళ్ళి కథ చెప్పాడు. అమీర్ బాషా కళ్ళద్దాలు పప్పులో పడితే తీసి, తుడిచి, మళ్ళీ పడేసుకున్నాడు.

సంచులవాళ్ళలో ఇద్దరు చెట్టు కింద కూర్చున్నారు. ఒకడు ఆవలించాడు.

గంట గడిచింది. కుండలో ఏమీ లేదు. సారమ్మ నీళ్ళ చెంబు తెచ్చి ఎవరి దగ్గరా పెట్టకుండా పట్టుకుని నిలబడింది. అప్పుడే ఓబులేసు దగ్గరికి వచ్చి అడగడం, పాలయ్య నా తలుపు చూపించడం. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ఓబులేసు చాలాసేపు నా తలుపు వైపు చూశాడు. నేను ఓటు అట్ట వెనక కూర్చున్నాను. దాని ఎత్తు రెండడుగులు.

తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. జీపు హారన్ వినిపించాక తలుపు తీశాను.

మార్చి 15, ఆదివారం

మైదానంలో షామియానా వేశారు. నా పేరు పిలిచారు. సర్టిఫికెట్, శాలువా. ధైర్యసాహసాలు అని రాసి ఉంది. యూనుస్, అమీర్ బాషా చప్పట్లు కొట్టారు. పాలయ్య అక్కడ లేడు. ముందురోజే అతని యూనిఫారం, లాఠీ, ఈల జమ చేయించుకున్నారట. ఈల ఒక్కటి ఉంచుకుంటానని అడిగాడట. కుదరదన్నారట.

కమలమ్మ జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చింది. ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి నా దగ్గరికి వచ్చి దండం పెట్టింది.

"మీ మర్యాదే మమ్మల్ని బతికించింది సార్" అంది.

ఏ మర్యాద అని అడిగాను.

"మా అత్త ఐదు ఆకులు ఏసింది కదా సార్. మీరు వద్దన్నా మీకు కూడా ఏసింది. సంగటి అయిపోయినాక ఓబులేసు లేయండి అన్యాడు. పాలయ్య మీ ఆకు చూపించినాడు. 'మా సారు ఇంకా తిన్లేదప్పా. కడాపటి మనిషి తిని లేసేదాకా పంక్తి లేయగూడదు, అది అయ్యవార్ల కట్టుబాటు' అన్యాడు. మీ సారు యాడ అంటే ఆ రూము చూపించి, 'అందులో సంధ్యావందనం చేసుకుంటాండాడు, అయినాక చేతులు కడుక్కుని వస్తాడు' అన్యాడు. ఓబులేసు శానాసేపు చూసినాడు. బాపనాయన పూజ చెరిపేదానికి వానికి దైర్నం చాల్లేదు. ఆకులో సంగటి ఉన్నెంతసేపూ పంక్తి అయినట్టు కాదు కదా సార్. వాళ్ళూ ఒప్పుకున్యారు. మా ఊరోళ్ళు మాట తప్పరు."

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. "చేతులు ఎండిపోయినాయి సార్. ఒక్కరూ కడగలేదు."

నేను శాలువా సర్దుకున్నాను.

మార్చి 16

సర్టిఫికెట్ ఫ్రేము కట్టిద్దామా అని రాధమ్మ అడిగింది. వద్దని కసిరాను.

మార్చి 18, బుధవారం

ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళి రెండు వాక్యాల కాగితం ఇచ్చాను. మొదటిది, ఆ రోజు నేను గడియ పెట్టుకుని గదిలో కూర్చున్నానని. రెండోది, పాలయ్యను తిరిగి తీసుకోమని.

ఆయన రెండుసార్లు చదివి కాగితం నాకే ఇచ్చేశాడు.

"సర్టిఫికెట్ వాపసు తీసుకునే పద్ధతి లేదయ్యా. తొలగించినోణ్ణి మళ్ళీ చేర్చుకోవాలంటే ఫైలు కడపకు పోవాల. నువ్వు ఇప్పుడు ఈ కాగితం ఇస్తే నేను ఏమైతా? ఆ రోజు జీపు ఎందుకు లేటయిందని నన్ను అడుగుతారు. ఇంటికి పో" అన్నాడు.

జీపు ఎందుకు ఆలస్యమైందో కూడా చెప్పాడు. పులివెందులలో ఆఫీసర్లకు భోజనాలు మోయడానికి వాడారట.

ఇంటికి వచ్చాను. ఇన్‌స్పెక్టరును ఇంకా రెండు పేజీలు తిట్టుకోవచ్చు. కానీ పాలయ్యను తొలగించమని రాసింది ఆయన చెయ్యి కాదు. నా చేతిరాతే, బాగుందని మెచ్చుకున్నాడు కదా.

మార్చి 22, ఆదివారం

కవాతు. పాలయ్య వచ్చాడు. యూనిఫారం లేదు, చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని గోడ బయట నిలబడి చూశాడు. అందరూ తిరిగాక ఎటు తిరిగారో చూసి తనూ తిరిగాడు.

భోజనాల వేళకు యూనుస్ వెళ్ళి అతన్ని వరండాలోకి తీసుకొచ్చాడు. ఈ రోజు సర్కారు అన్నం కాదు, పాలయ్య ఇంటి నుంచి సంగటి, ఊరిబిండి. విస్తరాకులు వేశారు. మూడు కాదు, నాలుగు. నాలుగో ఆకు ఎవరిదో ఎవరూ చెప్పలేదు. నేను ఎప్పటిలాగే క్యారియర్ తీసుకుని ఎడంగా కూర్చోబోయాను.

పాలయ్యతో చెప్పాల్సింది చెప్పాను. నీ గురించి ఆ రిపోర్టు రాసింది నేనే అని. గట్టిగా చెప్పాను, అతని మంచి చెవి వైపే చెప్పాను. వరండాలో అందరికీ వినిపించి ఉంటుంది.

"తెలుసు సార్. ఇన్‌స్పెక్టరు చదివి ఇనిపించినాడు" అన్నాడు. "సంగటి సల్లారిపోతాంది. చేతులు కడుక్కుని రాండి."

కుళాయి దగ్గరికి వెళ్ళాను. చాలాసేపు కడుక్కున్నాను. క్యారియర్ తీసుకుని అటు నుంచి అటే ఇంటికి పోవచ్చు, గేటు పది అడుగులే. తప్పుకునే దారుల సంగతి నాకు బాగా తెలుసు.

వెనక్కి వచ్చేసరికి ముగ్గురూ వడ్డించిన ఆకుల ముందు అలాగే కూర్చుని ఉన్నారు. ఒక్క మెతుకు ముట్టలేదు. ఆకలికి ఆగలేని ఆ యూనుస్ కూడా చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వంక చూస్తున్నాడు.

కూర్చున్నాను. తిన్నాను. ఊరిబిండిలో ఉప్పు ఎక్కువైంది. వెధవలకు వంట కూడా రాదు.

నేను లేచేదాకా ఒక్కరూ లేవలేదు.